పార్కిన్సన్స్ ఉన్న మనిషి బతుకు ఎట్లుందో ఇంట్లోనే లెక్క చూసుకోవడం ఎలా

పార్కిన్సన్స్ అంటే ఒళ్లు వణికి, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు. దానికోసం న్యూరాలజిస్ట్ (నరాల డాక్టర్) దగ్గరికి పోయిన ప్రతిసారీ చేతులు చాపమంటారు, బొటనవేలూ చూపుడువేలూ టపటపా కొట్టమంటారు, కుర్చీలోంచి లేచి నాలుగడుగులు నడవమంటారు, వెనక నుంచి భుజాలు పట్టి ఒక్క గుంజు గుంజి తూలుతున్నారా లేదా చూస్తారు. అదంతా జబ్బును కొలవడం. మనిషి ఎట్లా బతుకుతున్నాడో కొలవడం వేరే పని. దానికి ఓపీలో టైం ఉండదు, ఉన్నా బయట అంతమంది లైన్లో ఉండగా చెప్పుకునే సంగతులు కావవి.

నేను వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇండ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను, నా దగ్గరున్న వాళ్లలో ఎక్కువమంది పార్కిన్సన్స్ వాళ్లే. మందులతో వణుకు బాగా తగ్గినా గడప దాటని మనిషి ఉంటాడు, చెయ్యి వణుకుతూనే రోజూ చౌరస్తా దాకా నడిచిపోయి చాయ్ తాగొచ్చే మనిషీ ఉంటాడు. జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికి హోన్-యార్ స్టేజి అని 1967 నుంచి వాడుతున్న లెక్క ఒకటుంది, 1 నుంచి 5 దాకా. దాని ప్రకారం ఇద్దరిదీ ఒకటే స్టేజి కావచ్చు. ఆ లెక్క తప్పని కాదు, అది అడిగే ప్రశ్నే వేరు.

ఇద్దరి మధ్య ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఒక నోట్‌బుక్, పెన్ను, గంటసేపు తీరిక, ఇరవై చింతగింజలు చాలు. గింజల సంగతి తర్వాత చెప్తా.

ఏమేం అడగాలి

పార్కిన్సన్స్‌కు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది పీడీక్యూ-39 అనే ప్రశ్నల కాయితం. 1995లో ఆక్స్‌ఫర్డ్‌లో తయారైంది. దాని బలం ఏంటంటే ప్రశ్నలు డాక్టర్లు గదిలో కూర్చుని రాసినవి కావు, జబ్బు ఉన్నవాళ్లతో మాట్లాడి వాళ్ల నోటి నుంచి ఏరుకున్నవి. మొత్తం 39, ఎనిమిది భాగాలు: నడక, తిరుగుడు గురించి 10, ఒంటి మీది సొంత పనులు 6, మనసు 6, నలుగురిలో నామోషీ 4, అయినవాళ్ల ఆసరా 3, జ్ఞాపకం, ఏకాగ్రత 4, మాట 3, ఒంటి నొప్పులు 3. అన్నీ "పోయిన నెలలో ఎన్నిసార్లు" అనే అడుగుతాయి. జవాబు ఐదు రకాలు: అసలు లేదు అంటే 0, ఎప్పుడో ఒకసారి 1, అప్పుడప్పుడు 2, చాలాసార్లు 3, రోజూ అంతే అంటే 4. చిన్నగా కావాలంటే పీడీక్యూ-8 ఉంది, భాగానికి ఒక్క ప్రశ్న.

ఈ కాయితానికి హక్కులున్నాయి. ఆస్పత్రిలోనో పరిశోధనలోనో వాడాలంటే అనుమతి తీసుకుని, వాళ్లు ఒప్పుకున్న అనువాదమే వాడాలి. ఇంట్లో మనం చేసేది దాని ఎనిమిది భాగాలను దారిగా పెట్టుకుని మన ప్రశ్నలు మనం రాసుకోవడం. అందుకే వచ్చిన మార్కును డాక్టర్ దగ్గర పీడీక్యూ స్కోర్ అని చెప్పొద్దు, ఇంట్లో రాసుకున్న లెక్క అని చెప్పండి. అసలుతో పోల్చితే పొరపాటు పడతారు.

మన ప్రశ్నలు ఎందుకంటే, అందులో అరమైలు నడవడం, షూ లేసులు కట్టుకోవడం, తిండి కోసుకోవడం లాంటివి ఉంటాయి. మన పెద్దవాళ్లలో ఎంతమంది లేసుల బూట్లు వేస్తారు చెప్పండి. వాటి బదులు సందు చివరి కిరాణం దాకా పోయి రావడం, లుంగీ కట్టుకోవడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, జాకెట్ హుక్కులు, జొన్నరొట్టె తుంచుకోవడం, పప్పన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం, చాయ్ గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం అని రాసుకోండి. రాత గురించిన ప్రశ్నకు బ్యాంకు సంతకం సరిపోతుంది, పార్కిన్సన్స్‌లో అక్షరాలు రానురాను చిన్నవైపోతాయి, సంతకం కలవడం లేదని కౌంటర్‌లో వెనక్కి పంపితే ఆ మనిషికి ఎట్లుంటుందో అడిగితేనే తెలుస్తుంది. ఒకసారి మాటలు ఖాయం చేసుకున్నాక మళ్లీ మార్చొద్దు. ఈసారి కిరాణం అని, వచ్చేసారి గుడి అని అడిగితే రెండు మార్కులకూ పోలికే ఉండదు.

ఆ 39 ప్రశ్నల్లో లేనివి కూడా కొన్ని కలపండి. మలబద్ధకం లేదు, రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారన్నది లేదు, పైసల మాట అసలే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 26 ప్రశ్నల కాయితం ఒకటుంది, డబ్ల్యూహెచ్‌ఓక్వాల్-బ్రెఫ్ అంటారు, అది ఏ జబ్బుకైనా వాడొచ్చు, అందులో డబ్బు సరిపోతోందా, బస్సూ బండీ అందుతున్నాయా, వైద్యం దొరుకుతోందా అని అడుగుతారు. బీడీలు చుట్టే ఇంట్లోనూ రెండెకరాల కౌలు ఇంట్లోనూ ఈ ప్రశ్నలు లేకుండా లెక్క పూర్తి కాదు. నేను తప్పనిసరిగా కలిపే ప్రశ్న ఒకటుంది: "ఖర్చు చూసి ఈ నెలల ఏ పూటన్నా గోలి ఎగ్గొట్టినవా, సగం చేసుకున్నవా?" దీనికి అవునని జవాబొస్తే మిగతా మార్కులన్నింటికీ అర్థం మారిపోతుంది. మందే సరిగా పడని మనిషి నడకను చూసి జబ్బు ముదిరిందనుకుంటాం.

అడిగే తీరులోనే అంతా ఉంది

"ఎట్లున్నవ్ బాపూ?" అని అడిగితే "మంచిగనే ఉన్న బిడ్డా" అంటాడు. మంచం మీది నుంచి లేవలేని మనిషి కూడా అదే అంటాడు, అది మర్యాద, జవాబు కాదు. "నామోషీగా అనిపిస్తోందా", "బాధగా ఉందా" అని మనసు పేరు పెట్టి అడిగినా అంతే, ఏం లేదు అనేస్తారు. అందుకే నెల మొత్తాన్ని ఒక్కసారి అడక్కుండా, జరిగిన ఒక పని పట్టుకుని దాని వెంట పోవాలి.

పరకాల దిక్కు ఒక పెద్దాయనను నలుగురిలోకి పోవడానికి ఇబ్బంది అనిపిస్తోందా అంటే తల అడ్డంగా ఊపాడు. సున్నా వేయాలి మరి. "మొన్న దావత్‌ల ఏం తిన్నరు?" అన్నా. "తినలే, ఆకలి కాలే." "ఇంటికొచ్చినంక?" కాసేపు ఆగాడు. ఆ తర్వాత భార్య నీళ్లు పట్టడానికి బయటికి పోయినప్పుడు మెల్లగా చెప్పాడు: "చెయ్యి అదురుతాంటే బగారన్నం అంగి మీద పడ్డది. పక్కపొంటి పోరగాడు, తాత పొద్దుగాల్నే ఏసుకొచ్చిండురా అన్నడు. నేను లేచొచ్చిన." ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాడట, ఆ తర్వాత వచ్చిన రెండు దావత్‌లకు కాళ్లు నొప్పులని కొడుకును పంపాడు. పీడీక్యూలో నామోషీ భాగం నాలుగు ప్రశ్నలూ ఇవే: జబ్బును దాచుకోవాల్సి వస్తోందా, నలుగురిలో తినడం తాగడం తప్పించుకుంటున్నారా, బయట సిగ్గనిపిస్తోందా, ఎవరేమనుకుంటారో అని రంది ఉందా. సున్నా వేయాల్సిన మనిషికి 2, 3, 3, 1 పడ్డాయి. వణికే చేతిని చూసి తాగిండనుకోవడం మన దగ్గర మామూలే, అందుకే ఈ భాగాన్ని తొందరపడి దాటొద్దు.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, గమనించారో లేదో, భార్య బయటికి పోయాకే ఆయన నోరు విప్పాడు. మనిషిని ఒంటరిగా అడగాలి. కోడలు వంటింట్లో ఉంటే అన్నీ వినిపిస్తాయి, "ఇంట్లో వాళ్లు నీకు కావాల్సినంత ఆసరా ఉంటున్నరా" అని ఆ కోడలే అడిగితే ఏం చెప్తారు పాపం. ఆసరా భాగం మటుకు వేరే వాళ్లతో అడిగించండి, పండుగకు వచ్చిన బిడ్డ, అక్క కొడుకు, నమ్మకమున్న పక్కింటామె ఎవరైనా సరే. ఆడవాళ్లను బట్టలు, స్నానం, మూత్రం గురించి ఆడవాళ్లే అడగాలి. మగపిల్లలు తల్లిని ఇవన్నీ అడిగి, "ఏం ఇబ్బంది లేదంది" అని రాసుకొస్తారు, ఆ కాయితం పనికిరాదు.

టైం కూడా ముఖ్యమే. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా, ఆ గోలి వేసుకున్న గంటకు, ఒళ్లు తేలికైనప్పుడు మొదలుపెట్టండి. గోలి పనితనం దిగిపోయిన వేళ అడిగితే మాటా రాదు, ఆ వేళకు నెలంతా చీకటిగానే అనిపిస్తుంది. అయితే ఒళ్లు తేలికగా ఉంది కదా అని ఆ ఒక్క గంటను చూసి చెప్పే ప్రమాదమూ ఉంది, కాబట్టి మధ్యమధ్యలో "ఇప్పటి సంగతి కాదు, పోయిన నెల మొత్తం మీద" అని గుర్తు చేస్తుండాలి. మందు పనిచేయని గంటలు రోజుకు ఎన్ని అన్నది వేరే కాయితం మీద, అరగంటకో గడి గీసి మూడు రోజులు రాస్తే చాలు, డాక్టర్లకు అది బాగా పనికొస్తుంది.

ముఖం చూసి లెక్క వేయొద్దు. ఈ జబ్బులో ముఖంలో కదలిక తగ్గిపోతుంది, సంతోషమున్నా కనపడదు, కోపం లేకున్నా కోపమున్నట్టే ఉంటుంది. గొంతు కూడా సన్నగిల్లుతుంది, జవాబు తేలడానికి టైం పడుతుంది. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, ఐదుకే మీరు జవాబు అందించేస్తే ఆయన "ఆ, అంతే" అంటాడు, ఇక అక్కడి నుంచి రాసేదంతా మీ జవాబులే. టీవీ ఆపండి. ఒక్క కూర్చోవడంలో అన్నీ అయిపోవాలని లేదు, నడక ప్రశ్నలే పది, సగం ఇవాళ, సగం రేపు పెట్టుకోండి.

లెక్క వేయడం

ఇది సులభం. ఒక్కో భాగంలో వచ్చిన మార్కులు కూడి, ఆ భాగంలో గరిష్ఠంగా ఎన్ని రావచ్చో దానితో భాగించి, 100తో గుణించండి. పైన చెప్పిన నామోషీ భాగం: 2, 3, 3, 1 కూడితే 9. నాలుగు ప్రశ్నలకు గరిష్ఠం 16. అంటే 56. ఇక్కడ మార్కు ఎక్కువైతే కష్టం ఎక్కువ, 0 అంటే ఇబ్బందే లేదు, 100 అంటే ఇంతకన్నా లేదు. ఇంట్లో వాళ్లు దీన్ని తిరగేసి చదువుతారు, కాయితం పైన పెద్దగా రాసి పెట్టుకోండి. ఎనిమిది భాగాలవీ కూడి ఎనిమిదితో భాగిస్తే మొత్తం మార్కు వస్తుంది. మీరు సొంతంగా కలిపిన మలబద్ధకం, పైసలు లాంటి ప్రశ్నలను ఈ లెక్కలో కలపకుండా కింద వేరేగా రాయండి.

మొత్తం మార్కు మీద నాకైతే పెద్దగా నమ్మకం లేదు. పదో తరగతి మెమోలో టోటల్ చూసి సంబరపడి లెక్కల్లో తప్పిన సంగతి చూడనట్టుంటుంది. ఉదాహరణకు ఈ లెక్క చూడండి. మందు డోసు పెంచాక నడక 50 నుంచి 35కు దిగింది, సొంత పనులు 50 నుంచి 38కి, నొప్పులు 33 నుంచి 17కు. అన్నీ మంచి మార్పులే. కానీ నామోషీ 25 నుంచి 56కు ఎక్కింది, మనసు 25 నుంచి 38కి. ఆసరా 17, జ్ఞాపకం 25, మాట 33, ఇవి మారలేదు. మొత్తం ముందు 32, ఇప్పుడూ 32. టోటల్ ఒక్కటే చూసినవాళ్లు ఏం మారలేదంటారు. జరిగిందేంటంటే గోలి ఎక్కువయ్యాక నడక వచ్చింది గానీ తల, భుజాలు వాటంతట అవే మెలికలు తిరగడం మొదలైంది, మనిషి నడవగలిగీ బయటికి పోవడం లేదు. దీన్ని డోసు కొంచెం విడగొట్టో టైం మార్చో సరిచేయడానికి డాక్టర్ చేతిలో దారులుంటాయి, కానీ ఆ ముక్క ఎవరైనా చెప్పాలి కదా. మీ అంతట మీరు గోలీలు తగ్గించొద్దు, లెవోడోపాను ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

ఒకటి రెండు పాయింట్ల తేడాకు టెన్షన్ పడొద్దు. మూడు ప్రశ్నల భాగంలో ఒక్క జవాబు ఒక మెట్టు మారితేనే 8 పాయింట్లు మారుతుంది. రెండుసార్లు వరుసగా ఒకే దిక్కుకు పోతే అప్పుడు పట్టించుకోండి.

ఇప్పుడు చింతగింజలు

ఎవరో రాసిన ప్రశ్నల్లో మన మనిషికి ముఖ్యమైనది ఉండకపోవచ్చు. దీనికి ఐర్లండ్‌లో 1990ల్లో ఒక పద్ధతి కట్టారు, సీక్వాల్ అంటారు, అందులో ప్రశ్నలు ఉండవు, మనిషినే అడుగుతారు: నీ బతుకులో నీకు ముఖ్యమైన ఐదు సంగతులు చెప్పు. తర్వాత ఒక్కొక్కటి ఇప్పుడు ఎట్లా నడుస్తోందో 0 నుంచి 100 దాకా చెప్పమంటారు, దేనికెంత బరువో రంగురంగుల చక్రం తిప్పి చూపించమంటారు. ఇక్కడ 100 అంటే మంచిది, పై లెక్కకు ఉల్టా. చక్రం మనకెక్కడిది, ఇరవై చింతగింజలు పోసి ఐదు కుప్పలు పెట్టమంటే సరిపోతుంది, గింజకు 5 చొప్పున మొత్తం 100. వణికే వేళ్లతో గింజ పట్టుకోవడం కష్టం, మీరే ఒక్కో గింజ జరుపుతూ "ఇటా, అటా?" అని అడగండి, తల ఊపితే చాలు.

ఒక పెద్దమ్మది ఇట్లా ఉందనుకోండి: మనవరాలితో ఫోన్ 6 గింజలు, ఇప్పుడు 70. చేత్తో తినడం 5 గింజలు, 40. రాత్రి నిద్ర 4 గింజలు, 50. చేను దాకా పోయి రావడం 3 గింజలు, 10. పొద్దున గుడి దాకా నడక 2 గింజలు, 20. బరువుతో గుణించి కూడితే 21, 10, 10, 1.5, 2, అంతా కలిపి 44.5. ఆరు నెలలకు మళ్లీ అడిగితే చేను 0కు పడింది, గుడి 10కి, మిగతా మూడూ అట్లాగే ఉన్నాయి. ఒళ్లు చూస్తే దిగజారింది. కానీ గింజలు కదిలాయి: మనవరాలికి 9, తిండికి 4, నిద్రకు 5, చేనుకూ గుడికీ ఒక్కొక్కటి. ఇప్పుడు మార్కు 52.5.

ఒళ్లు తగ్గుతుంటే మార్కు పెరగడమేంటని చాలామంది ఈ లెక్కనే కొట్టిపారేస్తారు. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న మనిషి తన కొలబద్దను తానే జరుపుకుంటాడు, పోయినదాని మీది నుంచి మనసు తీసి ఉన్నదాని మీద పెడతాడు, దీని మీద 1990ల నుంచీ చాలా పని జరిగింది. 2011లో బెల్జియం పరిశోధకులు చేసిన ఒక అధ్యయనం చెప్తే ఎవరూ నమ్మరు: కళ్లు తప్ప ఒళ్లంతా కదలకుండా బిగుసుకుపోయిన లాక్డ్-ఇన్ స్థితిలో ఉన్న 65 మందిని అడిగితే 47 మంది సంతోషంగా ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. ఇంటికొచ్చిన చుట్టాలు మంచం పక్కన నిలబడి "ఏం బతుకు ఇది, దేవుడు తీసుకపోయినా బాగుండు" అని మనిషికి వినపడేట్టే అంటుంటారు, వాళ్లకు ఈ లెక్క చూపించాలనిపిస్తుంది నాకు.

కాకపోతే సర్దుకోవడానికీ చేతులెత్తేయడానికీ తేడా చూడాలి. "ఆరు నెలల కింద ఎట్లుండె అనిపిస్తాంది ఇప్పుడు?" అని వెనక్కి కూడా అడిగి రాసుకోండి, అప్పుడు చెప్పినదానికీ ఇప్పుడు గుర్తు చేసుకుని చెప్పేదానికీ మధ్య తేడాలో కొలబద్ద ఎంత జరిగిందో కనపడుతుంది. ఐదు సంగతులు చెప్పమంటే "నాకేం వద్దు, ఏం లెవ్వు" అని గింజలు పక్కకు తోస్తే అది సర్దుకోవడం కాదు. మనసు భాగంలో దిగులు, ఒంటరితనం, ఏడుపు, కోపం, భయం, రేపటి రంది అనే ఆరింటిలో మూడు నాలుగు "రోజూ అంతే" అని పడితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. పార్కిన్సన్స్‌లో డిప్రెషన్ జబ్బులో భాగమే, మెదడులో జరిగే మార్పులతో వస్తుంది, మందులు ఉన్నాయి, బతుకు నాణ్యతను వణుకుకన్నా ఇదే ఎక్కువ దెబ్బతీస్తుందని పరిశోధనలు మళ్లీమళ్లీ చెప్పాయి. చచ్చిపోతే బాగుండు అనే మాట వస్తే మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఆ రోజు మనిషిని ఒంటరిగా వదలొద్దు.

మనిషి చెప్పలేనప్పుడు

ఇంట్లోవాళ్లు ఆయన తరఫున చెప్పే జవాబులు నడక, స్నానం లాంటి కళ్లకు కనపడే వాటిలో బాగానే కలుస్తాయి, మనసు దగ్గరికి వచ్చేసరికి తేడా వస్తుంది, మామూలుగా ఇంట్లోవాళ్లు మనిషి చెప్పేదానికన్నా అధ్వానంగా చెప్తారు. తప్పనిసరైతేనే వాళ్లను అడగండి, అప్పుడు కూడా ప్రశ్న స్పష్టంగా ఉండాలి. "ఆయన్నే అడిగితే ఏం చెప్పేవాడు?" అన్నది ఒకటి, "నీకేమనిపిస్తుంది?" అన్నది ఇంకొకటి. రెండూ కలపొద్దు, ఎవరు చెప్పారో పేరు రాయండి, ప్రతిసారీ ఆ ఒక్కరినే అడగండి.

జబ్బు వేరే అయితే కాయితం కూడా వేరే. ఏఎల్‌ఎస్‌కు, అంటే కండరాలు రానురాను పట్టు తప్పిపోయే నరాల జబ్బుకు, ఏఎల్‌ఎస్‌ఏక్యూ-40 ఉంది, అందులో తినడం, తాగడం ఒక భాగం. మెదడు, వెన్నుపాము నరాల పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)కు ఎంఎస్‌ఐఎస్-29 ఉంది, 20 ప్రశ్నలు ఒంటివి, 9 మనసువి. ఎంఎస్ ఉన్నవాళ్లలో ఒళ్లు వేడెక్కితే లక్షణాలు కాసేపు పెరుగుతాయి, మన దగ్గర మే నెల ఎండలు తెలిసినవే, కాబట్టి మే మార్కును డిసెంబర్‌తో కాకుండా పోయిన మేతో పోల్చండి. ఏఎల్‌ఎస్‌లో మాట పోయినా చాలామందికి తెలివి బాగానే ఉంటుంది, ఆ మనిషి బదులు ఇంకొకరు జవాబు చెప్పేస్తే అన్యాయం. అవునుకు ఒకసారి, కాదుకు రెండుసార్లు కన్ను మూయమని ఒప్పందం పెట్టుకోండి, ఐదు జవాబులున్న ప్రశ్నను ఒక్కో మెట్టు చదువుతూ పోతే చాలు. సొంతంగా ఏదన్నా చెప్పాలంటే ఒక అట్ట మీద అక్షరాలు రాసి పెట్టుకోండి, మన అక్షరాలు ముందే వర్గాలుగా ఉన్నాయి కాబట్టి పని సగం అయిపోయినట్టే: "క వర్గమా? చ వర్గమా? ట వర్గమా?" అని అడిగి, కన్ను మూసిన చోట ఆగి, ఆ వరుసలో అక్షరాలు ఒక్కొక్కటి చూపించండి. గుణింతాలు వదిలేయండి, అర్థమవుతుంది.

చూసుకునే మనిషిది కూడా ఒక పేజీ ఉండాలి. జారిట్ బర్డెన్ అని 22 ప్రశ్నల కాయితం ఉంది, 0 నుంచి 88 దాకా. అంత ఓపిక లేకపోతే మూడు అడగండి: రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు, నీ ఒంటికి బాగాలేక కూడా ఎన్నాళ్లుగా డాక్టర్‌కు చూపించుకోలేదు, చివరిసారి నీ తల్లిగారింటికి ఎప్పుడు పోయినవ్. ఎక్కువ ఇండ్లలో ఆ మనిషి భార్యో కోడలో, వాళ్లను ఎవరూ అడగరు.

ఎప్పుడెప్పుడు, తర్వాతేం చేయాలి

మూడు నెలలకోసారి చాలు. నెలనెలా అడిగితే విసుగొచ్చి పోయినసారి చెప్పిందే చెప్తారు. సద్దుల బతుకమ్మకు ఇల్లంతా నిండినప్పుడూ, మేడారం జాతర వారంలోనూ, జ్వరం వచ్చినప్పుడూ, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ, కొత్త మందు మొదలైన వారంలోనూ వద్దు. పైన తేదీ, గోలి వేసుకున్న టైం, అడిగింది ఎవరు, గదిలో ఇంకెవరున్నారు, ఈ నాలుగూ రాయండి.

డాక్టర్ దగ్గర ఎనిమిది మార్కులూ చదవొద్దు, అంత టైం ఇవ్వరు. వరంగల్‌లోనైనా కరీంనగర్‌లోనైనా, హైదరాబాద్ నిమ్స్‌కు పోయినా అంతే. పోయినసారి కన్నా ఎక్కువ చెడిన భాగం ఒకటి, దానికి ఒక ఉదాహరణ, మనిషికి ముఖ్యమైనది ఒకటి, మూడే వాక్యాలు: "నామోషీ మార్కు 25 నుంచి 56 అయింది, మెలికల వల్ల బయటికి పోవడం లేదు, దావత్‌లో కూర్చుని తినగలిగితే చాలంటున్నాడు." ఇట్లా చెప్తే డాక్టర్‌కు పట్టుకోవడానికి ఒకటి దొరుకుతుంది. మాట భాగం చెడితే స్పీచ్ థెరపీ అడగండి, పడిపోతానన్న భయం ఎక్కువైతే మాలాంటి వాళ్లను, నొప్పులు ఎక్కువైతే అవి గోలి దిగే వేళల్లోనే వస్తున్నాయా చూసి చెప్పండి.

ఇంకో మాట, ఈ లెక్కకూ వైకల్యం శాతం చెప్పే సదరం సర్టిఫికెట్‌కూ సంబంధం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ రెండూ ఉన్నాయి, దానికి డాక్టర్లు చూసి శాతం వేస్తారు, మన నోట్‌బుక్ అడగరు. పింఛనుకు పనికొస్తుందేమోనని మార్కులు పెంచి రాసేవాళ్లున్నారు, అట్లా రాస్తే సర్టిఫికెట్ రాదు సరికదా, మందు పనిచేస్తుందో లేదో చూసుకునే దారి కూడా పోతుంది. కాయితాన్ని ఫైల్లో పాత ప్రిస్క్రిప్షన్ల కింద పెట్టకుండా పైనే పిన్ను కొట్టి పెట్టండి, వచ్చేసారి అడగాల్సిన తేదీ క్యాలెండర్ మీద ఇవాళే రాసేయండి.